బ్యాటును, రాకెట్టును పట్టిన తెలుగువాడు: కోటా రామస్వామిగారి జీవితము

క్రికెట్టు వీరుల పేర్లు చెప్పుమని మన పాఠశాల బాలుర నడిగినచో ఊపిరి తీయకుండ ఇరువది పేర్లు చెప్పుదురు. చిన్నస్వామి క్రీడాంగణము ప్రక్కగా బస్సు పోవునపుడు కిటికీలోనుండి మెడ చాచి చూడని పిల్లవాడు బెంగుళూరులో ఉండడు. కబ్బన్ పార్కునందలి టెన్నిసు ఆవరణము నెరిగిన బాలబాలికలును మనలో లేకపోలేదు. అయినను ఈ రెండాటలయందును భారతదేశము పక్షమున నిలిచి ఆడిన తెలుగువా రొకరుండిరని చెప్పినపుడు వారిలో పెక్కుమంది ఆశ్చర్యపడుదురు. ఆయన పేరు కోటా రామస్వామి. ఆంగ్లభాషలోని ఆటల పట్టికలయందు ఆ ఇంటిపేరు ఒకచోట ఒక విధముగా, మరియొకచోట మరియొక విధముగా అచ్చుపడి యున్నది. కావున మన పిల్లలు దానిని చూచియు మనవారిదని గుర్తింపలేకపోవుటలో వింత లేదు.

రామస్వామిగారు 1896 జూన్ 16వ తేదీన మదరాసు నగరమున జన్మించిరి. ఆనాటి మదరాసు తమిళులకును తెలుగువారికిని ఉమ్మడి రాజధాని. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడు వరకు అట్లే యుండెను. అచటి తెలుగు కుటుంబములవారు ఇంట తెలుగు, వీధిలో తమిళము, కచేరీలో ఇంగ్లీషు మాటలాడుచు మూడు భాషలను మూడు జేబులలో పెట్టుకొని తిరిగెడివారు. ఇంట తెలుగును, బజారులో కన్నడమును మాటలాడు మన పిల్లలకు ఆ పరిస్థితిని వేరుగ వివరింప బనిలేదు.

వారి జనకులు బుచ్చిబాబు నాయుడుగారు. దక్షిణదేశపు క్రికెట్టునకు తండ్రి యని పేరొందిన వా రీయనయే. ఆ కథ కొంత చెప్పక కొడుకు కథ చెప్పుట కుదరదు. ఆ దినములలో చేపాకమునందలి మదరాసు క్రికెట్ క్లబ్బులో ఐరోపావారికి తప్ప ఇతరులకు సభ్యత్వము లేదు. భారతీయుడు ఎంత చక్కగ ఆడినను ఆ భవనపు మెట్లెక్కి కూర్చుండుటకు అర్హుడు కాడు. బుచ్చిబాబుగారు ధనవంతులు, దొరలతో పరిచయములు గలవారు. తమ మట్టుకు తాము ఏదో విధముగ సర్దుకొనిపోవుట వారికి కష్టము గాదు. వా రట్లు చేయలేదు. 1888లో, తమ కింకను 20 ఏండ్ల ప్రాయమున, మదరాసు యునైటెడ్ క్లబ్బను పేర భారతీయులకొక సంఘమును నెలకొల్పిరి. బ్యాట్లు, బంతులు కొనలేని యువకులకు తామే సమకూర్చి ఆట నేర్పించిరి. తెల్లవారి జట్టును భారతీయుల జట్టు సమానముగ ఎదుర్కొను దినమును చూడవలెనని వారి కోరిక. 1908లో ఆ పోటీకి ఏర్పాట్లు జరిగెను. కాని అది జరుగుటకు ముందే వారు కన్నుమూసిరి. అప్పటికి రామస్వామికి 12 ఏండ్లు.

తండ్రి చూడలేకపోయిన పోటీ తరువాత ప్రతియేటను సంక్రాంతి దినములలో చేపాకమున జరుగు పెద్దపండుగగ మారెను. భారతీయులు ఒకవైపు, ఐరోపావారు మరియొకవైపు. చెన్నపట్టణపు జనము గుంపులు గుంపులుగ వచ్చి చూచెడివారు. బుచ్చిబాబుగారి కుమారులలో వెంకటరామానుజులు, బాలయ్యగార్లును పేరుపొందిన ఆటగాండ్రే. రామస్వామిగారు మాతామహుల ఇంటికి దత్తు పోయినందున వారి ఇంటిపేరు మారెను గాని ఆట మారలేదు. వెస్లీ ఉన్నత పాఠశాలలోను, పిదప ప్రెసిడెన్సీ కళాశాలలోను చదువుచు, 1915-16 సంవత్సరపు పోటీలో భారతీయుల జట్టున స్థానము సంపాదించిరి. అప్పటికి వారి వయస్సు 19.

వారిది ఎడమచేతివాటము. మన ఇండ్లలో పిల్లవాడు ఎడమచేత పలక పట్టినను, చెంబు పట్టినను పెద్దలు మందలించుట నేటికిని ఉన్నది. బ్యాటు విషయమున మాత్రము రామస్వామిగారి నెవరును మందలించినట్లు లేదు. బౌలరునకు అలవాటైన దిక్కు ఒక్కసారిగ తారుమారగుటచే ఎడమచేతివాటము ఆటగానిని కట్టుదిట్టము చేయుట కష్టము. దానికి తోడు వారిది దృఢమైన శరీరము, బంతిని బలముగ బాదు స్వభావము. నిలిచి కాలక్షేపము చేయుటకంటె బంతిని దూరముగ పంపుటయందే వారికి మక్కువ.

తరువాత వారు ఇంగ్లాండునకు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరిరి. ఇచట కథ మలుపు తిరుగుచున్నది. క్రికెట్టు ఇంటి విద్యగా వచ్చిన ఈ యువకునకు సీమలో పేరు తెచ్చినది క్రికెట్టు గాదు, టెన్నిసు! కేంబ్రిడ్జి పక్షమున ఆడి విశ్వవిద్యాలయ గౌరవమును పొందుటయే గాక, 1922లో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశ పక్షమున ఆడుటకు ఎంపికైరి.

డేవిస్ కప్పన నేమో ఎరుగని పిల్లలకొరకు రెండు మాటలు. ఇది దేశమునకు దేశమునకు జరుగు టెన్నిసు పోటీ, 1900లో మొదలైనది. ఆనాటి పద్ధతిలో రెండు దేశముల నడుమ ఐదు ఆటలు జరుగును. అందు నాలుగు ఒక్కొక్కరుగ ఆడునవి, ఒకటి మాత్రము జంటగ ఆడునది. మూడు గెలిచినవారిదే విజయము. కావున జంట ఆట పలుమారులు త్రాసుముల్లువంటిది, ఎటు మొగ్గిన అటే గెలుపు. భారతదేశము ఈ పోటీలో తొలిసారి పాల్గొన్నది 1921లో. ఆ మరుసటి యేడే రామస్వామిగారు డాక్టరు ఏ. హెచ్. ఫైజీగారితో జతగూడి జంట ఆటకు దిగిరి. భారతజట్టు రుమేనియాపై గెలిచి, పిదప స్పెయిను చేతిలో ఓడెను. దేశమునకు స్వాతంత్ర్యము రాక 25 సంవత్సరములకు ముందు మాట యిది. పరాయి పాలనలో ఉన్న దేశము పేర ఐరోపా దేశములవారి ఎదుట నిలువవలసి వచ్చినపుడు ఆ యువకుల మనస్సులు ఎట్లుండెనో మన పాఠకులే ఊహించుకొందురుగాక.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట రామస్వామిగారు మరల చేపాకపు పోటీలలో ఆడుచుండిరి. ఏండ్లు గడచుచుండెను. క్రికెట్టులో దేశము పక్షమున ఆడు అవకాశము మాత్రము వారికి రాలేదు. వచ్చుటకు అట్టి జట్టే లేదు. భారతదేశము తన మొదటి టెస్టు మ్యాచిని ఆడినది 1932లో, లండనునందలి లార్డ్సు మైదానమున. అప్పటికే వారికి 36వ యేడు నిండినది. ఆ జట్టునకు నాయకులైన సి. కె. నాయుడుగారును ఇంచుమించు ఈడువారే. ఆయనయు నాగపురమున పుట్టి పెరిగిన తెలుగువారు. అయితే నాయుడుగారిని దేశము పిలిచెను, రామస్వామిగారిని పిలువలేదు. 1934 ఫిబ్రవరిలో ఇంగ్లాండు జట్టు చేపాకముననే, అనగా వారి ఇంటి ముంగిట ననదగిన చోటనే, టెస్టు మ్యాచి ఆడి పోయెను. అప్పుడును వారికి స్థానము దొరకలేదు. తాను బాల్యమునుండి ఎరిగిన పచ్చికపై దేశము ఆడుచుండగ ప్రేక్షకుడై యుండుట ఆటగాని కెంత కష్టమో క్రీడాకారులకే తెలియును.

అదే 1934వ సంవత్సరము నవంబరు 4వ తేదీన రంజీ ట్రోఫీ పోటీలలోని మొట్టమొదటి మ్యాచి చేపాకమున జరిగెను. అది మదరాసునకును మన మైసూరునకును నడుమ జరిగినది. మైసూరు జట్టు 48, 59 పరుగులకే కూలి, ఒక్క దినములోనే ఆట ముగిసినది! మదరాసు చేసినది 130 పరుగులే యైనను ఇన్నింగ్సు తేడాతో గెలిచెను. రామ్ సింగ్ అనునాయన 11 వికెట్లు తీసెను. బెంగుళూరు పిల్లలకు ఇది రుచింపని కబురే, కాని కర్ణాటకము ఆ తరువాత ఆ ట్రోఫీని పలుమార్లు గెలుచుకొని బాకీ తీర్చుకొన్నది. రామస్వామిగారు మదరాసు పక్షమున ఈ రంజీ పోటీలలోను ఆడిరి.

ఇక 1936. భారతజట్టు ఇంగ్లాండు ప్రయాణమునకు సిద్ధమాయెను. ఆ జట్టున రామస్వామిగారి పేరు కనబడెను. ఓడ యెక్కునాటికి వారి వయస్సు 40కి కొంచెమే తక్కువ. ఆ వయస్సులో పలువురు బ్యాటును అటకమీద పెట్టి పిల్లల చదువులను గూర్చి విచారించుచుందురు.

ఆ యాత్రలోని బృందమును గూర్చి రెండు మాటలు చెప్పుట అప్రస్తుతము గాదు. నాయకుడు విజయనగర రాజకుటుంబమునకు చెందిన మహారాజకుమారుడు, విజ్జీ యని లోకము పిలుచునాయన. సి. కె. నాయుడు, ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు, కోటా రామస్వామి కూడ ఉండుటచే తెలుగునాటితో సంబంధము గలవారు నలుగురైరి. కోశాధికారిగ వెంట వెళ్లిన ఎస్. ఎం. హాదీ హైదరాబాదు వాస్తవ్యులు. ఆయన క్రికెట్టు, టెన్నిసు, హాకీ, కాల్బంతి మొదలుగ ఏడాటలలో ఆరితేరినవా రగుటచే ఇంద్రధనుస్సను బిరుదుపేరు వచ్చెను. రంజీ పోటీలలో మొదటి శతకము వారిదే. డేవిస్ కప్పును వారు ఆడియుండిరి. మదరాసునుండి వచ్చిన మరియొకరు ఎం. జె. గోపాలన్. ఈయన హాకీలోను, క్రికెట్టులోను సమర్థులు. ఆ యేడే బెర్లినులో ఒలింపిక్ క్రీడలు జరుగవలసి యుండెను. గోపాలన్ హాకీని వదలి క్రికెట్టును ఎంచుకొనిరి. హాకీ జట్టు బెర్లినునుండి బంగారు పతకముతో తిరిగివచ్చెను. గోపాలన్‌కు ఇంగ్లాండులో ఒక్క టెస్టునందైనను ఆడు అవకాశము దొరకలేదు. రెండు పడవలపై కాలు పెట్టరాదని మన పెద్దలు చెప్పుదురు. కాని ఒకే ఓడలో రెండేసి, ఏడేసి ఆటలు నేర్చినవారు ఇందరు కలిసి ప్రయాణము చేయుట మాకు ముచ్చటగనే తోచుచున్నది.

యాత్ర మాత్రము ముచ్చటగ సాగలేదు. జట్టులో వర్గములు, కోపతాపములు. లాలా అమర్‌నాథ్ అంతటి ఆటగానిని నడుమనే ఇంటికి పంపివేసిరి. లార్డ్సులో జరిగిన మొదటి టెస్టులో భారతదేశము ఓడెను. అందు రామస్వామిగారు లేరు. రెండవ టెస్టు మాంచెస్టరు నగరమున ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున జూలై 25న మొదలాయెను. ఆ దినమున తుది జట్టులో వారి పేరు చేర్చబడెను. వారికి 40 ఏండ్లు నిండి నెల దాటినది. మన దేశము పక్షమున అంతకంటె పెద్దవయస్సున మొదటి టెస్టు ఆడినది 1933లో జంషెడ్‌జీ ఒక్కరే.

భారతజట్టు మొదటి ఇన్నింగ్సులో 203 పరుగులకు ముగిసెను. అందు రామస్వామిగారివి 40. ఇంగ్లాండువారు హామండ్ చేసిన 167 పరుగుల బలముతో 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఆట నిలిపిరి. అనగా మనవారు 368 పరుగులు వెనుకబడి యుండిరి. రెండవనాడు చీకటి పడక ముందు ఇన్నింగ్సు ముగియునని ఇంగ్లాండువారు తలచియుండిన ఆశ్చర్యము లేదు. కాని జరిగినది వేరు. విజయ్ మర్చంట్, ముస్తాక్ ఆలీ అను ఇరువురు యువకులు ఆ సాయంకాలము ఒక్క వికెట్టు పడకుండ 190 పరుగులు చేసిరి. ఆ ఒక్క దినమున ఇరుపక్షములును కలిసి చేసిన పరుగులు 588! టెస్టు ఆటలో ఒక దినమున అన్ని పరుగులు మరెన్నడును రాలేదు.

మూడవనాడు ముస్తాక్ ఆలీ 112 పరుగులకును, మర్చంట్ 114 పరుగులకును అవుటైరి. మొదటి వికెట్టు 203 వద్ద పడగానే బ్యాటు పట్టుకొని వచ్చినది రామస్వామిగారు. విద్యార్థు లొక్కసారి లెక్కవేసి చూడుడు: రామస్వామిగారు చేపాకమున మొదటి పెద్ద పోటీ ఆడునాటికి ముస్తాక్ ఆలీ ఇంచుమించు ఏడాది పసివాడు. ఆ పసివాడు పెరిగి, విదేశమున టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడై వెనుకకు నడచి వచ్చుచుండగ, ఆ స్థానమున ఆడుటకు ఈ నలుబదియేండ్ల కొత్తవాడు బయలుదేరెను. యువకులు కట్టిన గోడ ఒక్క గంటలో కూలిపోవు ప్రమాద మున్నది. అప్పటికిని ఇంగ్లాండు మొత్తమును అందుకొనుటకు 165 పరుగులు కొరత. రామస్వామిగారు 60 పరుగులు చేసిరి. సి. కె. నాయుడు 34, చివర అమర్ సింగ్ అవుటుగాక 48. ఆట ముగియునప్పటికి భారతజట్టు 5 వికెట్లకు 390. ఓటమి తప్పెను.

చరిత్ర వ్రాయువారు ఆ మ్యాచిని గూర్చి చెప్పునపుడు మర్చంట్, ముస్తాక్ ఆలీల పేర్లే చెప్పుదురు. అది న్యాయమే. అయితే మొదటి ఇన్నింగ్సున 40, రెండవదానియందు 60, వెరసి 100 పరుగులు చేసిన ఆ కొత్త ఆటగాని పేరు చెప్పక విడుచుట మాత్రము మాకు న్యాయముగ తోచదు.

మూడవ టెస్టు ఆగస్టులో ఓవల్ మైదానమున జరిగెను. హామండ్ ఈసారి 217 పరుగులు చేసెను. భారతజట్టు 9 వికెట్ల తేడాతో ఓడెను. రామస్వామిగారు 29, మరల అవుటుగాక 41. సి. కె. నాయుడుగారు ఛాతీపై బంతిదెబ్బ తిని కూడ చలింపక 81 పరుగులు చేసినది ఈ మ్యాచిలోనే. ఈ ఇరువురు తెలుగువారికిని అదియే చివరి టెస్టు.

సగటు లెక్క నేర్చుకొన్న విద్యార్థులకు ఇచ్చట నొక లెక్క ఇచ్చుచున్నాము. నాలుగు ఇన్నింగ్సులలో 40, 60, 29, 41. మొత్తము 170. చివరిదానిలో అవుటు కాలేదు గనుక మూడింటితోనే భాగింపవలెను. వచ్చునది 56.66. ఎంతో కాలమాడిన గొప్ప ఆటగాండ్రలోను ఇంతటి సగటు గలవారు కొందరే. రెండే మ్యాచిల సగటును అట్లు పోల్చరాదని లెక్కల పంతులుగారు అందురు, అది నిజమే. కాని ఆ మ్యాచిలు రెండే యగుటకు కారణము రామస్వామిగారు గారు. ఆ వెనుక పదియేండ్ల వరకు భారతదేశమునకు మరియొక టెస్టు లేదు. రెండవ ప్రపంచయుద్ధము నడుమ వచ్చెను. తిరిగి 1946లో భారతజట్టు ఇంగ్లాండు పోవునప్పటికి వారికి 50 ఏండ్లు.

దేశవాళీ పోటీలలో మాత్రము 1940 దాటిన తరువాతను ఆడుచునే యుండిరి. పిదప జట్టును ఎన్నుకొనువారిలో ఒకరైరి. 1952-53లో భారతజట్టు మొదటిసారి వెస్టిండీసు ద్వీపములకు పోయినపుడు మేనేజరుగ వెంట నడచినది వారే. విజయ్ హజారే నాయకుడు. ఐదు టెస్టులలో ఒకటి ఓడి నాలుగు సమముగ ముగించిరి. సుభాష్ గుప్తే 27 వికెట్లు తీసినది ఆ యాత్రలోనే. 1936 నాటి కలహములను కన్నులార చూచినవాడు పదియారేండ్లకు అదే పెద్దరికపు కుర్చీలో కూర్చుండుట విశేషమే.

1966లో, 70వ యేట, రామస్వామిగారు తమ ఆటల జీవితమును గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించిరి. ‘రాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్’ అని దానికి పేరు. ఆటల వ్యసనపరుడు తోచినవి తోచినట్లు చెప్పుకొన్న ముచ్చట్లని మనము అర్థము చెప్పుకొనవచ్చును. తనను తానే వ్యసనపరుడని పిలుచుకొనుటలో ఒక చమత్కార మున్నది. మన తల్లిదండ్రులలో కొందరు ఆ శబ్దమును ఆటలాడు పిల్లలపై కోపముతో ప్రయోగించుచుందురు. రామస్వామిగారు దానిని నవ్వుచు పుస్తకముపై అచ్చువేయించిరి. కేంబ్రిడ్జిలో చదివినవాడే ఆ పని చేసినాడని పిల్లలు తండ్రులకు గుర్తుచేసినచో మేము అడ్డుపడము. అయితే చదివి మరీ చేసినాడని తండ్రులు బదులు చెప్పుదురు, దానికిని మేము అడ్డుపడము.

వారి కడపటి దినములను గూర్చి చెప్పవలసినది కొంచెమే. 1985 అక్టోబరు 15వ తేదీన మదరాసులోని తమ ఇంటినుండి వెలుపలికి వెళ్లిరి. అప్పటికి వారి వయస్సు 89. మరల తిరిగి రాలేదు. పిదప వారిని చూచినవా రెవరును లేరు. జీవించియున్నారని గాని, మరణించినారని గాని నిశ్చయముగ చెప్పగల ఆధార మేదియు దొరకలేదు. క్రికెట్టు చరిత్రను తేదీలతో సహా భద్రపరచు గ్రంథములకు ఇది పెద్ద చిక్కై నిలిచెను. మరణించియుందురను ఊహతో కొన్నింటిలో 1990 జనవరి యని వ్రాసిరి. మరికొన్నింటిలో ఇల్లు వెడలిన తేదీనే చూపి, ఆ తరువాత కనబడలేదని వ్రాసిరి.